రెక్క కింద పసుపు

దమ్మపేట

అమ్మా శారదా,

నీ బాబాయి దూలయ్య దీవెనలు. ఫోన్‌లో చెబితే సగంలోనే నువ్వు ఏడుస్తావు, నీ ఏడుపు విని నేను, ఈలోపు సిగ్నల్ పోతుంది. అందుకే రాస్తున్నాను.

ఉదయ్ భాస్కర్ దొర పామాయిల్ తోటకు మందు కొట్టడానికి మళ్ళీ విమానం కొన్నాడు. మా అల్లుడు, నీ సతీష్ నడిపినదానికి కవలపిల్ల. పెద్ద చదువు లేని ఈ మెకానిక్‌కు దాని ఇంజను అర్థమైంది గానీ, కొన్నవాడు మాత్రం ఇంకా అర్థం కాలేదు. సరే, ఆ సంగతి వదిలెయ్.

మొన్న దసరాకు దీనికీ పూజ చేశారు. టైర్ల కింద నిమ్మకాయలు, రెక్కల కింద మందంగా పసుపు. నిన్న పెట్రోలు వాసన వచ్చి ఆ పసుపు గీకాను. అడుగున ఆకుపచ్చ. విమానం పెట్రోలు నీలంగా ఉంటుందమ్మా, ఆరిపోయినా రంగు మిగులుతుంది, పసుపుతో కలిస్తే ఆకుపచ్చ. రెక్కలోని ట్యాంకులోకి కాస్త గాలి పట్టించి, రెక్క అతుకుల మీద సబ్బు నురగ పూశాను, సైకిల్ ట్యూబు పంక్చర్ చూసినట్టే. ఒక అతుకు దగ్గర బుడగలు లేచాయి. ఎండి పగిలిన సీలెంట్ గీకేసి కొత్తది పట్టించాను. ఆరాక చూస్తే బుడగ లేదు.

పని అయిపోయింది, ఇంటికి పోవచ్చు. కాళ్ళు పాత షెడ్డుకు నడిచాయి. సతీష్‌తో పాటు అడవిలో కూలిన విమానం రెక్క అక్కడే ఉంది, పోయినేటి పసుపుతో. విచారణకొచ్చినవాళ్ళు కూడా పూజ పసుపని చెయ్యి వెయ్యలేదు. నేను అంచున కాస్త గీకాను. అదే అతుకు. అదే ఆకుపచ్చ.

కూలినా మంట రాలేదు గనక పెట్రోలు పోసుకోకుండానే ఎగిరాడని ఊరంతా అన్నది. నీ మొహం మీదే అన్నది. పోశాడమ్మా. నేల మీద ఉన్నప్పుడు చెమ్మగా ఊరినది, గాలిలో రెక్క ఊగేసరికి ధారకట్టి పోయింది.

దొరకు చూపించాను. "ఏంది దూలయ్యా, పోయినోడు పోయిండు. గా రెక్కను పాత ఇనుప సామానోనికి ఏసెయ్" అన్నాడు.

"అది అల్యూమినియం దొరా" అని, ట్రాక్టర్ మీద ఇంటికి తెచ్చేశాను. విచారణ ఆఫీసర్లకు అప్పగిస్తాను.

ఆ అతుకు మీద పసుపులో ఒక చెయ్యి అచ్చు ఉంది. అది నాదే. అడిగినవాళ్ళకు అలాగే చెబుతాను. నువ్వూ అలాగే అనుకో.

నీ బాబాయి
దూలయ్య

సత్తుపల్లి

బాబాయికి శారద నమస్కారాలు.

నీ అరచెయ్యి చాటంత ఉంటుంది. నీదంటే ఎవరు నమ్ముతారు? ఆ రెక్కకు పసుపు పూసింది నేను.

ఆ పొద్దున ఎగిరే ముందు ఆయన గుడ్డ తీసుకుని రెక్క కిందికి వంగాడు. "పూజ పసుపు ఎవలన్న తుడుస్తరా? దానంతట అదే పోవాలె" అని గుడ్డ లాక్కున్నది నేనే.

"అవ్ గానీ, నీ పసుపు కింద రెక్క ఏడుందో కనవడ్తలేదే" అని నవ్వాడు. నవ్వుకుంటూనే ఎక్కాడు. ఇన్నాళ్ళూ ఆ నవ్వే తలుచుకుంటూ బతికాను. ఇక అదీ లేదు.

రెక్కను కడగకు బాబాయ్. ఆఫీసర్ల దగ్గరికి నేనూ వస్తాను. ఆ అచ్చు మీద నా చెయ్యి పెట్టి చూపిస్తాను. ఆయన పెట్రోలు పోశాడని ముందు రాయమను. తర్వాత నా సంగతి ఏమైనా రాసుకోనీ.

సతీష్ భార్య
శారద