అల్లుడికి పెట్టని చద్దన్నం

రాయ్‌పూర్,
1953, చైత్రమాసం

ప్రియమైన అమ్మకు,

నేను కులాసాయే గాని మీ అల్లుడి కడుపే కుదురుగా ఉండటం లేదు. నువ్వు చెప్పినట్టే పొద్దున్నే వేడివేడి పూరీలో, పకోడీలో చేసి, పైన టీ ఇస్తున్నాను. మధ్యాహ్నానికల్లా ఛాతీలో మంట, పొట్ట ఉబ్బరం. మందు తాగినన్నాళ్లు బాగుంటుంది, మానేస్తే మళ్లీ మామూలే. ఈ ఊరి నీళ్లు పడలేదని విజయనగరం బదిలీకి దరఖాస్తు రాసి సిద్ధంగా పెట్టారు. నాకు మాత్రం ఈ ఊరు వదలాలని లేదమ్మా. రైల్వే వాళ్లిచ్చిన ఈ రెండు గదుల్లో నా మాటే చెల్లుతుంది. పెరట్లో నేను వేసిన బీరపాదు ఇప్పుడే పందిరెక్కింది. అక్కడ అత్తారింటికొస్తే నలుగురు తోడికోడళ్లలో నేను ఆఖరిదాన్ని.

నీకొక్కదానికే చెబుతున్నాను. ఆయన డ్యూటీకి వెళ్లగానే నేను రాత్రి అన్నంలో, కుండలో పులియబెట్టిన తరవాణి నీళ్లు పోసుకుని, ఉల్లిపాయ నంజుకుని తింటాను. ఆ కుండ కట్టెల చాటున దాచాను. నా కడుపుకి ఏ బాధా లేదు. ఇక్కడివాళ్లు మన చద్దన్నాన్నే బాసీ అంటారు. పక్కింట్లో అల్లుడొచ్చినా అదే పెడతారు. నాకూ పెట్టాలనే ఉంటుంది. కానీ అల్లుడికి చద్దన్నం పెడితే పుట్టింటి పరువు పోతుందని, రైలెక్కించేటప్పుడు నా చేత ఒట్టు వేయించుకున్నావు కదా. ఏం చెయ్యను?

నీ కూతురు,
పైడమ్మ


రాయ్‌పూర్,
వైశాఖమాసం

మా అమ్మకు,

నీ జవాబు రాకుండానే మళ్లీ రాస్తున్నానని కంగారుపడకు. మొన్న ఆయన కడుపునొప్పితో డ్యూటీ మధ్యలోనే ఇంటికొచ్చేశారు. నేను కంచం ముందు దొరికిపోయాను. కొంగు చాటున దాచబోతే, "ఏటే అది, దాస్తన్నావు?" అన్నారు. సిగ్గుతో చచ్చి, తరవాణి అన్నాను.

ఆయన చెప్పులైనా విడవకుండా నేల మీద కూలబడ్డారు. "మా అమ్మ సేతి తరవాణి తాగి ఎన్నాళ్లయిందో! నానడిగితే నువ్వు నవ్వుతావనేసి చుప్‌గా ఉండిపోనాను. పూరీలు ఇష్టమనుకుని సేస్తన్నావు, ఎలా వద్దంతాను?" అన్నారు. అమ్మా, నాకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి.

పూరీలు, పకోడీలు మానేశాం. టీ ఒక పూటకి తగ్గింది. వేళకి తిని, సైకిల్ ఇంట్లో వదిలి నడిచే డ్యూటీకి వెళుతున్నారు. మంట తగ్గింది, రాత్రి హాయిగా నిద్రపోతున్నారు. నీళ్ల మాట ఎత్తడమే లేదు. బదిలీ దరఖాస్తు పొయ్యిలోకి పోయింది. బీరపాదు పూత కూడా పట్టింది.

ఇక ఒట్టు సంగతంటావా, నేను తప్పలేదు. మీ అల్లుడికి చద్దన్నం నేను పెట్టలేదు. ఆయనే కుండ దించుకుని వడ్డించుకుంటున్నారు, ముందు నాకు వడ్డించి.

నీ
పైడమ్మ