ఏడో నంబరు చెప్పింది

హైమావతి మేడమ్ గారికి,

మీరు పరీక్ష డ్యూటీలో ఉండి ఫోన్ తీయడం లేదు కాబట్టి, రాసి అటెండర్ గారి చేత పంపుతున్నాను.

నా పరిశోధనలో ఏడో నంబరు గర్భిణి చనిపోయింది. గురజాల దగ్గర మిరప కోతలకు వెళ్ళే ఆమె. ఇంటర్వ్యూల్లో తేలినవి చదివి వినిపించి సరేననిపించుకుందామని నిన్న క్లినిక్‌కి వెళ్తే ఆశా కార్యకర్త చెప్పింది. బీపీ పెరిగి ఫిట్స్ వచ్చి, ఆటోలోనే ప్రాణం పోయిందట.

"తలనొప్పి తగ్గట్లా, కళ్ళు మసకలేస్తన్నయ్. డాక్టరమ్మకి చెప్పబాక తల్లీ, మంచానేస్తది, కోతలు పోతయ్" అని ఆమె నాతో అంది. నేను ఆ మాటల్ని "పని వదులుకోలేకపోవడం" అనే అంశం కింద చేర్చాను. మీరు బాగుందన్నారు.

రికార్డింగ్ వింటూ రాసుకుంటుంటే, సంతకం కూడా రాని మా అమ్మ అడిగింది: "ఏమే, ఆ పిల్ల చానా బాలేదంటంటే రాసుకుంటా కూర్చున్నావేంది? నువ్వు నర్సువి గాదా?"

"అది డేటా అమ్మా, బయటికి చెప్పకూడదు" అన్నాను. అప్పటికి ఆమె బతికే ఉంది.

రాత్రంతా మిగతా పదకొండు ఇంటర్వ్యూలూ మళ్ళీ విన్నాను. నాలుగు, తొమ్మిది నంబర్ల వాళ్ళు కూడా కళ్ళు మసకలేస్తున్నాయనే అన్నారు. పేర్లూ ఫోన్ నంబర్లూ ఉన్న అంగీకార పత్రాలు మీ బీరువాలో ఉన్నాయి. దయచేసి తాళం చెవి పంపండి. నియమం తప్పానని నా థీసిస్ రద్దు చేసినా మారుమాట్లాడను.

ఇద్దరికీ ఎనిమిదో నెల. పొద్దున క్లినిక్ వరుసలో ఇద్దరి ముఖాలూ వెతికాను. కనబడలేదు.

మీ గది బయటే నిలబడి ఉన్నాను.

మీ విద్యార్థిని