పాత కళ్ళజోడు

బుజ్జి వాళ్ళమ్మకు,

చేతిరాత నాది కాదని గాభరా పడకు, నేను బాగానే ఉన్నాను. మిగిలిపోయిన మిక్సీలన్నీ సగం ధరకే తోలేసి గోడౌన్ ఖాళీ చేయాలని యజమాని మా నెత్తిన కూర్చున్నాడు. "పైనుంచి దించుతూ కూర్చుంటే తెల్లారినట్టే, కింది పెట్టె లాగండి!" అని అరిచాడు. లాగాను. వరసంతా కూలింది. నా కళ్ళజోడు నుజ్జయింది, అంతే. బీరువాలో ఉన్న పాతది వెంటనే పంపు. బుజ్జికి జ్వరం తగ్గిందా? మీ నాన్నగారికి మాత్రం చెప్పకు, నా ఉద్యోగం మీద ఉపన్యాసం మొదలెడతారు. బుజ్జికి ముద్దులు.

వదినగారూ, ఈ కార్డు రాసిపెడుతున్న లారీ డ్రైవర్ని నేను. అద్దాలు లేకపోతే అన్నకు అక్షరం కనబడదు, ఆ ధైర్యంతోనే ఈ ముక్క రాస్తున్నాను. కాలు విరిగి ఆస్పత్రిలో ఉన్నాడు. కళ్ళజోడు పంపకండి, మీరే తీసుకుని రండి.