సున్నా నంబరు రిపోర్టు

జూన్ 3, సోమవారం

కీ మార్చేశాం. మా ల్యాబ్ వెబ్‌సైట్‌లో ప్రతి రిపోర్టుకీ ఒక నంబరు. దాన్ని లింకులో ఉన్నదున్నట్టు పెడితే, చివరి అంకె మార్చుకుంటూ ఊళ్ళోవాళ్ళ రోగాలన్నీ చదివేస్తారు. అందుకే మా క్యాష్ సర్వర్‌కి నేనో ఎక్స్‌టెన్షన్ రాశాను. ఒకసారి చూపిన పేజీని దాచుకుని, తర్వాత అడిగినవాళ్ళకి చిటికెలో ఇచ్చే సర్వర్ అది. నా ఎక్స్‌టెన్షన్ నంబరును గజిబిజి అక్షరాలు చేసి లింకులో పెడుతుంది, నొక్కగానే మళ్ళీ నంబరు చేస్తుంది. దానికి తాళంచెవి ఆ కీ. పాతది బయటికి పొక్కిందని మా లీడ్ అనుమానం. మేం గురువుగారు అని పిలుచుకునే ఆయన తన నీడను కూడా నమ్మరు.

టెస్టులన్నీ పాస్.

జూన్ 4

వదిన రిపోర్టు రాలేదు. రొమ్ములో గడ్డ. శనివారం అందులోంచి ముక్క తీసి పరీక్షకి మా ల్యాబ్‌కే పంపారు. లింకు ఆరోజే ఫోన్‌కి వచ్చింది, రిపోర్టు రెడీ అని మెసేజ్ వస్తే అదే నొక్కాలి. ముందే చూసి చెప్పవే అని అన్నయ్య ఒకటే గోల. కుదరదు అన్నయ్యా అన్నాను. మొహం మాడ్చుకున్నాడు. వదిన ఉల్లిపాయలు తరుగుతూనే ఉంది.

జూన్ 5, మధ్యాహ్నం

నార్మల్! అమ్మయ్య! ఏడుస్తూ నవ్వుతూ వదినే ఫోన్ చేసింది. నొక్కిందో లేదో వచ్చేసిందట.

జూన్ 5, సాయంత్రం

అన్నయ్య సర్జన్ అపాయింట్‌మెంట్ క్యాన్సిల్ చేశాడు. ఇంకెందుకు, మీ ల్యాబే చెప్పిందిగా అన్నాడు.

జూన్ 6

సపోర్ట్‌లో కూర్చునే అమ్మాయి నవ్వాపుకుంటూ వచ్చింది. ఒక తాతగారు తన రిపోర్టు చూసి ఫోన్ చేసి, నేను ఆడదాన్నెప్పుడయ్యానమ్మా, ముప్పై ఎనిమిదేళ్ళంట, అదీ బాగానే ఉందిలే అన్నారట. అందరూ పగలబడి నవ్వారు. నేను మాత్రం వెంటనే తాతగారి లింకు తెరిచి చూశాను.

ఆ రిపోర్టు నేను పుట్టించింది. టెస్టింగ్ కోసం సున్నా నంబరుతో ఒక ఉత్తుత్తి రిపోర్టు పెట్టాను. ఆడ, 38, నార్మల్. ఏదో ఒక వయసు వెయ్యాలిగా, వదినది వేశాను. మొదటి పేజీలో పేర్లు చూపించం. తాతగారి లింకు పాత కీది. కొత్త కీతో దాన్ని విప్పలేక, తప్పు అని ఆగకుండా నా కోడ్ సున్నా ఇచ్చింది. సున్నా అంటే ఏమీ లేదని నా ఉద్దేశం. క్యాష్‌కేం తెలుసు? దాచుకున్న ఆ పేజీని అడిగినవాళ్ళందరికీ పప్పుబెల్లాల్లా పంచిపెట్టింది.

వదిన లింకూ పాత కీదే.

కొంప మునిగింది సార్ అని గురువుగారి దగ్గరికి పరిగెత్తాను. ఆయన తిట్టలేదు. అందుకే ఇంకా భయమేసింది. సైట్ ఆపి, క్యాష్ ఖాళీ చేశాం. విప్పలేకపోతే ఆగిపోయేలా కోడ్ మార్చాను, పాత లింకులకి పాత కీ తగిలించాను. తెరిచినవాళ్ళందరికీ ఫోన్లు చేస్తున్నారు. ఎన్ని ఇళ్ళల్లో ఇలాగే ఊపిరి పీల్చుకున్నారో, నా చేతులారా చేశాను.

వదిన లింకు నేనే విప్పాను. నంబరు వచ్చింది. ఒక్క నొక్కు చాలు. నొక్కలేదు, ఆవిడకంటే ముందు నాకు తెలియకూడదు. సర్జన్ దగ్గర మళ్ళీ టైం తీసుకోమని అన్నయ్యకి చెప్పాను. ఎందుకే అన్నాడు. చెప్పాను.

జూన్ 7

వదిన నా పక్కనే కూర్చుని నొక్కింది. పేజీ తెరుచుకోక చక్రం తిరుగుతూనే ఉంది. మొన్న చిటికెలో వచ్చిందే అంది. దీన్ని ఇంతవరకూ ఎవరూ చూడలేదు వదినా, అందుకే ఆలస్యం అన్నాను.

వచ్చింది. నేను రాసిన ఉత్తుత్తి రిపోర్టులో ఆడ, 38 వరకే నిజం.