మైకులో నేను చెప్పని వాక్యం

నవంబరు 5, బుధవారం
ఎల్లుండి చర్చి హాల్లో సినిమా. పాత హాలీవుడ్ బైబిల్ ప్రేమకథ: భర్త పోయిన అన్యదేశపు కోడలు అత్త వెంట ఆమె ఊరికి నడిచి వస్తుంది, పరిగె ఏరుకుంటూ పొలం యజమాని మనసు గెలుస్తుంది. ఇంగ్లీషు రానివాళ్ల కోసం ఎవరో ఒకరు మైకులో తెలుగు చెప్పడం ఇక్కడి ఆనవాయితీ. ఈసారి నేను. నేను క్రైస్తవురాలినే కాను, అయినా నేను ప్రేమించిన ప్రవీణ్ పట్టుబట్టాడు. "డిబేట్‌లో ఏ పక్షమిచ్చినా వాదిస్తావుగా, ఇదెంత నీకు?"
వాళ్లమ్మ నన్ను చూడడానికి వస్తున్నారు. పెళ్లికి ఆమె పెట్టిన షరతు ఒక్కటేనట — నా బాప్తిస్మం.

నవంబరు 7, శుక్రవారం
హమ్రియా కూలీల రూముల నుంచి, బర్కా ఖర్జూరపు తోటల నుంచి, ఈ అరబ్బు దేశానికి పని కోసం వచ్చిన తెలుగువాళ్లతో హాలు నిండింది. ముందు వరసలో ప్రవీణ్ వాళ్లమ్మ సుశీల ఆంటీ. తెరమీద మొదటి భర్తతో కౌగిలి రాగానే పాస్టరమ్మగారు ప్రొజెక్టరుకు పాటల పుస్తకం అడ్డం పెట్టారు. వెనక నుంచి ఈలలు. అంతవరకూ బాగానే సాగింది.
తరువాత అత్త ఊరికి నడిచే ఆ రాతిదారి. కోడలు అత్త చేయి పట్టుకుని, తన వాళ్లనూ తన దేవుళ్లనూ వదిలేస్తున్నానంటుంది.
ఆ వాక్యం దగ్గర ఆగిపోయాను. ఏ వేదికమీదా నాకిలా జరగలేదు...
నిజామాబాద్ రాజన్న అరిచాడు: "అక్కా, ఏమన్నదామె? మైకు బందైందా ఏంది?"
హాలంతా నవ్వింది. ఆంటీ నవ్వలేదు.

నవంబరు 8
ప్రవీణ్: "ఒక్క వాక్యం! అందరి ముందు అమ్మ పరువు తీశావ్."
"అర్థం చెప్పమన్నావా, ప్రమాణం చేయమన్నావా?"
"నీకు ప్రతిదీ డిబేటే."
 

నవంబరు 11
కాలేజీ లైబ్రరీ. ప్రవీణ్ నా పక్కనుంచే వెళ్లాడు. తల తిప్పలేదు.

నవంబరు 14, శుక్రవారం
మొన్న డ్యూటీ ఉండి రానివాళ్ల కోసం మరో ఆట. ఈసారి ప్రవీణ్ మైకు వాళ్ల చర్చి అమ్మాయి స్టెల్లాకిచ్చాడు. ఆ వాక్యాన్ని ఆమె మెత్తగా, తడబడకుండా చెప్పింది. చప్పట్లు. చివరి వరసలో నేను — ఎందుకు వెళ్లాను? లేచి వచ్చేశాను.
గుమ్మం బయట, చెప్పుల దగ్గర, ఆంటీ. నాకంటే ముందే వచ్చేశారు.
"మొన్న నువ్వు ఆగిపోయావే... నాకు ఊపిరి ఆడినట్టయిందమ్మాయ్. నేను చెప్పేశాను ఆ మాట, నా బాప్తిస్మం రోజున, ప్రవీణ్ వాళ్ల నాన్న కోసం. దేవుడి మీద నాకేం బాధ లేదు. కానీ మా అమ్మ పోయినప్పుడు మా పుట్టింటివాళ్లు నన్ను గుమ్మం తొక్కనివ్వలా."
"మరి నా బాప్తిస్మం... అడిగింది మీరేగా, ఆంటీ?"
"నేనా? నేనెందుకడుగుతానే!"
ఒక చెప్పు తొడుక్కున్నారు. రెండోది తొడుక్కోలేదు. 

నవంబరు 15
ఇన్నాళ్లూ ఒక తల్లికి చెప్పవలసిన జవాబులు సిద్ధం చేసుకున్నాను. ఆమె నా ఎదుటి పక్షం కానే కాదు. అడిగింది అతడు, అడగడానికి తల్లి పేరు వాడుకున్నాడు. ఇంత తెలిశాక కూడా అతని గొంతు వినాలని ఉంది — ఇదేం మనసు?
అల్ మవాలేలోని మా ఇంటి బాల్కనీలో కూర్చుని ఉన్నాను. ఫోన్ మెరిసింది, ప్రవీణ్ మెసేజ్.
"అమ్మ నీతో ఏమంది? ఇంటికొచ్చినప్పటి నుంచి నాతో మాట్లాడట్లేదు."
ఆమె చెప్పిందంతా టైపు చేశాను. చెరిపేశాను. ఆమె ఆ ఇంట్లోనే ఉండాలి, అతనితోనే...
మళ్లీ టైపు చేస్తున్నాను, ఆమె మాట ఎత్తకుండా: "ఆ వాక్యం నేను చెప్పను."