ధనీరామ్ అడిగిన ఒక్క రాత్రి

సైంధార్ గ్రామం,
ఫాల్గుణ మాసం, మంగళవారం.

చిరంజీవి సునయనకు,

ఇక్కడ నేనూ, మీ సరులి అమ్మమ్మా, రెండావులూ, ఒక చెవిటి కుక్కా అందరం బతికే ఉన్నాం. అక్కడ నువ్వూ మీ ఆయనా లక్నో దుమ్ములో కూడా చల్లగా ఉన్నారని నమ్ముతూ నువ్వు మా కొండ మాటలో బుబు, అంటే తాత, అని పిలిచిన హయాత్ సింగ్ రాస్తున్న ఉత్తరం.

నీ ఉత్తరం చేరింది. నాలుగుసార్లు చదివాను. చైత్రంలో మళ్లీ మా ఇంట్లో అతిథిగా దిగుతాననీ, ఈసారి మీ నాన్న ధనీరామ్‌ని వెంట తెస్తాననీ రాశావు. ఇక్కడ దిగిన ఫొటో చూపిస్తే గానీ ఆయన పుట్టింది మా ఊరి కింది వాడలోనేనని నీకు చెప్పలేదట. మా ఇల్లు కట్టి, తలుపు చెక్కిన వడ్రంగి జస్‌రామ్ మీ తాతేనట. మా పైగదిలో ఒక్క రాత్రి పడుకోవాలని ఉందని మీ నాన్న అన్నాడట. జీవితంలో ఆయన నిన్ను అడిగింది ఆ ఒక్కటేనట.

ఆ తలుపు సంగతి చెప్పాలి. మా ఇంటికి వచ్చే అతిథులంతా మొదట దానిముందే నిలబడి ఫొటో దిగుతారు. ఈ ఇంట్లో అతిథుల్ని పెట్టుకోవచ్చని కాగితం ఇవ్వడానికొచ్చిన అధికారి కూడా అంతే. గంటసేపు నెమళ్లనీ తీగల్నీ తడిమి, చివరికి మరుగుదొడ్డి బాగాలేదని రాసుకుపోయాడు. పైగా అతిథిని చూడగానే నవ్వడం ఎలాగో మూడు రోజులు శిక్షణ ఇచ్చారు. డెబ్బైరెండేళ్ల వయసులో నవ్వడం నేర్చుకున్నవాణ్ణి నేనొక్కణ్ణే అయ్యుంటాను.

ఆ తలుపు చెక్కడానికి మీ తాతకి రెండు చలికాలాలు పట్టింది. పని ముగిసిన రోజు మా నాన్న ఆయన్ని ముంగిట్లో కూర్చోబెట్టి బొట్టు పెట్టి, కొత్త బట్టలూ బెల్లమూ ఇచ్చి పంపించాడు. తర్వాత ఇల్లంతా గోమూత్రం చల్లారు. ఆ రోజు నుంచి ఆయన గడప దాటడానికి లేదు. మా కొండల్లో పద్ధతి అది. కట్టినవాడికి ఇల్లు పూర్తయ్యేదాకానే లోపలికి దారి.

ఇక మీ సరులి అమ్మమ్మ. అతిథి ఎవరొచ్చినా ఇంటిపేరు అడగనిదే ఆమె పొయ్యి దగ్గరికి రానివ్వదు. నువ్వు వర్మ అన్నావు. అది మీ ఆయన ఇంటిపేరని మాకేం తెలుసు? రాగి రొట్టెలు చేయడం నేర్పింది, తలంటింది, నువ్వు వెళ్లిపోయాక వారం రోజులు నీ ఊసే. అలాంటిది నీ ఉత్తరం చదివి వినిపించేసరికి చేతిలో గరిటె జారిపోయింది.

"ఆ పిల్ల తలకి నూనె రాసిన చేతులివి. వీటిని ఇప్పుడు ఏ గంగలో ముంచమంటావు?" అంది.

తొమ్మిది రోజులు మన పొయ్యి పక్కనే కూర్చుంది, అయినా పొయ్యి ఆరిపోలేదు కదా అని నేను నవ్వించబోయాను.

"నువ్వు నోరు మూసుకో. చదివిన పుస్తకాలు నీ మడిని ఎప్పుడో తినేశాయి. ఇంట్లో ఉండేది నువ్వొక్కడివే కాదు" అంది.

మర్నాడు నువ్వు కప్పుకున్న రజాయిలు వాగులో పడేసింది. పైగదికి తాళం వేసి తాళంచెవి నడుముకి కట్టుకుంది. నాదేముంది, పెద్దగా పట్టింపుల్లేని మనిషిని. కానీ ముసలిదాన్ని ఈ వయసులో మార్చలేను గదా. కాబట్టి అమ్మాయీ, మీ నాన్నని తీసుకురావద్దు. కింద రోడ్డు పక్కన లాడ్జి ఉంది. కిటికీలోంచి మా ఇంటి పలకల కప్పు కనిపిస్తుంది. అక్కడినుంచి చూపించు. దూరంగా చూస్తేనే ఏ ఇల్లయినా అందంగా ఉంటుంది.

మీ ఆయనకి నా ఆశీస్సులు.

నీ మేలు కోరే,
బుబు హయాత్ సింగ్.

తా.క. కవరు అంటించబోతే చెయ్యి ఆగిపోయింది. సరులికి చదువు రాదు. ఆమె పేరు పెట్టి ఏం రాసినా ఆమెకు తెలియదు. పైన ఆమె అన్నట్టు రాసినవన్నీ నేను అల్లినవే. రజాయిలు ఇంట్లోనే ఉన్నాయి, గదికి తాళం లేదు. నీ ఉత్తరం విని ఆమె అన్నది ఇదీ: "రమ్మని రాయి. ధనీరామ్ వాళ్ల నాన్న కట్టిన ఇంట్లో మనం యాభై ఏళ్లు పడుకున్నాం. ధనీరామ్ ఒక్క రాత్రి పడుకుంటే కొంపలు మునుగుతాయా? పక్క నేనే వేస్తాను."

రావద్దంటున్నది నేను.

మీ నాన్న కుడిచేతికి రెండు వేళ్లు లేవు. రంపం మెషీన్లో పోయాయని నీకు చెప్పి ఉంటాడు. ఏ మెషీనూ కాదు. జ్యేష్ఠంలో ఒకరోజు మధ్యాహ్నం ఆయన మా పశువుల కొట్టం బాగుచేస్తుంటే వడగళ్లు పడ్డాయి. తల దాచుకోవడానికి వచ్చి గడప లోపల ఒక కాలు పెట్టి, చేత్తో ద్వారబంధం పట్టుకున్నాడు. అప్పుడు నాకు ఇరవై ఆరేళ్లు. పైనుంచి మా నాన్న ఎవడ్రా అది అని అరిచాడు. నేను తలుపు మూశాను. రెండుసార్లు మూశాను. మొదటిసారి చెయ్యి అడ్డం ఉందని తెలియదు. రెండోసారి తెలుసు.

ఆ నెలలోనే ఊరు వదిలేశాడు. వేళ్లు లేని వడ్రంగికి ఇక్కడ ఏం పని?

ఇదంతా ఆయనకు చదివి వినిపించనక్కర్లేదు. ఆయనకు తెలుసు. నన్ను తిట్టడానికి వస్తానంటే రోడ్డు దాకా ఎదురొచ్చేవాణ్ణి. మా ఇంట్లో పడుకోవడానికి వస్తానంటున్నాడు. రానివ్వకు.