మీ మూడో ప్రశ్నకు జవాబు

తకవోకా,
డిసెంబరు 27.

శ్రీవారికి,

సుమియే నమస్కరించి రాస్తున్నది. సుమత్రాలో వానలు ఇంకా తగ్గలేదని, ఆనకట్ట పని ఆగుతూ సాగుతూ ఉందని రాశారు. ఇక్కడ నాలుగు రోజులుగా ఒకటే మంచు. వాకిట్లో మోకాలి లోతు పేరుకుంటే పొద్దున్నే పారతో తోసిపోశాను. అక్కడ మీ ఒంట్లో బాగుందని తలుస్తాను. ఇక్కడ అత్తయ్యా నేనూ వేళకు తింటున్నాం, నిద్రపోతున్నాం. కులాసాగా ఉన్నామన్న మాట మాత్రం ఈసారి రాయలేకపోతున్నాను. ఎందుకన్నది చదువుతూ పోతే మీకే తెలుస్తుంది.

ఉప్పులో ఊరేసిన పుల్లటి ఉమె పళ్ళ డబ్బా మీకు అందినందుకు సంతోషం. రోజుకొకటి చొప్పున మీకు వేసవి దాకా వస్తాయని అత్తయ్య ఏరి ఏరి పెట్టారు. మీరేమో గుడారంలో అందరికీ పంచి వారంలో ఖాళీ చేశారట! ఆ ముక్క చదివి వినిపిస్తే "వాడంతే, చిన్నప్పుడూ అంతే" అని నవ్వారు. నెల తర్వాత ఆవిడ నవ్వడం అదే మొదలు.

మీరు అడిగినవి మూడు. నవంబరు పదిహేడున అత్తయ్య స్నానాల గదిలో పడిపోయిన సంగతి, వెనిగర్ నీళ్ళతో తడిపిన గోడ మీదే బూజు మందు కూడా చల్లడంతో విషపు గాలి పుట్టిన సంగతి పోయిన ఉత్తరంలో రాశాను. దగ్గు తగ్గిందా అన్నది మీ మొదటి ప్రశ్న. తగ్గింది. ఐదు రోజులు ఆసుపత్రిలో ఉంచి పంపారు కదా, మొన్న మళ్ళీ చూపిస్తే ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయన్నారు. తేనెలో నానేసిన ముల్లంగి రసం రెండు పూటలా ఇస్తున్నాను. మొహం చిట్లించుకుని తాగుతున్నారు.

అమ్మ మతిమరుపు ఎంతవరకు వచ్చింది అన్నది రెండోది. మీరు పుట్టిన రోజున ఎంత మంచు పడిందో, మంత్రసాని ఏ రంగు దుప్పటి కప్పుకొచ్చిందో నిన్న కూడా చెప్పారు. ఆ నవంబరు రోజు మాటెత్తితే మాత్రం తల దించుకుంటారు. మీ అక్కగారు ప్రతి ఆదివారం కనజావా నుంచి రైల్లో వచ్చి అదే మాట ఎత్తుతారు.

"ఆ మందు ఎప్పుడు కొన్నావమ్మా?"

"గుర్తు లేదు హరుయో."

"ఏ కొట్లో కొన్నావు?"

"గుర్తు లేదన్నానుగా."

"చూశావా సుమియే? కొన్నదీ గుర్తు లేదు, కలిపిందీ గుర్తు లేదు. రేపు గ్యాసు వెలిగించి మర్చిపోతే నీ గతేంటి, ఇంటి గతేంటి?"

నేను టీ పోస్తూ కూర్చునేదాన్ని. ఆ మందు అసలు మన ఇంట్లోకి ఎలా వచ్చిందన్నది మీ మూడో ప్రశ్న. దానికి తర్వాత వస్తాను.

ముందు ఇంటి సంగతి చెప్పనివ్వండి. డిసెంబరు పదమూడు వచ్చిందంటే మన ఇంట్లో బూజులు దులపడం ఎలా మొదలవుతుందో మీకు నేను చెప్పాలా? తలకు గుడ్డ బిగించి, వెదురు కొమ్మ చేత పట్టుకుని అత్తయ్య బయల్దేరేవారు. "పైనుంచి కిందికి, లోపల్నుంచి బయటికి. ఇదొక్కటి బుర్రకెక్కించుకో, చాలు" అని పదకొండేళ్ళుగా చెబుతూనే ఉన్నారు. మొదటి ఏడాదే ఎక్కిందంటే వింటారా! తాగేసిన టీ ఆకు గట్టిగా పిండి చాపల మీద చల్లి, అల్లిక వాలున ఊడ్చేవారు, దుమ్ము పైకి లేవకుండా. వసారా చెక్కలకు బియ్యం కడిగిన నీళ్ళు. అద్దాలకు తడిపిన పాత పేపరు. మాడిన గిన్నెకు వంటసోడా. కుళాయి చుట్టూ తెల్లగా గార కట్టిన చోట వెనిగర్‌లో ముంచిన గుడ్డ చుట్టి, ఓ గంట వదిలేసి, అరిగిపోయిన పళ్ళ బ్రష్షుతో రుద్దేవారు. పూజామందిరానికి మాత్రం తడి తగలనిచ్చేవారు కాదు, బంగారు పూత ఊడుతుందని. పొడి ఈకలతో దులుపుతూ మామయ్యగారి ఫొటోతో తగాదా పెట్టుకునేవారు. "బతికున్నన్నాళ్ళూ ఒక్క గుడ్డ పిండిన పాపాన పోలేదు. ఇప్పుడూ మీ మొహం నేనే తుడవాలా?"

అన్నీ వంటింట్లో ఉండే వస్తువులే. "ఆ ఘాటు మందులు ఈ గడప దాటి లోపలికి రావడానికి వీల్లేదు. ముసలి ముక్కు నాది, ముందు నేను పోతాను" అనేవారు. నేను లోలోపల విసుక్కునేదాన్ని.

ఈ ఏడాది పదమూడో తారీఖున ఆవిడ తలకు గుడ్డ కట్టలేదు. దుప్పటి కప్పిన కుంపటి బల్ల దగ్గర చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. ముందు ఆదివారమే వదిన వచ్చి వంటింట్లో సీసాలకీ, గ్యాసు పొయ్యికీ, చివరికి వెనిగర్ జాడీకి కూడా ఎర్ర కాగితాలు అంటించి వెళ్ళింది. "అమ్మా, ముట్టుకోవద్దు" అని వాటి మీద పెద్ద పెద్ద అక్షరాలు. ఆ వెనిగర్ జాడీ అత్తయ్య కాపరానికి వచ్చిననాడు తెచ్చుకున్నది. నేను వసారా తుడుస్తుంటే మెల్లగా వచ్చి నిలబడ్డారు.

"సుమియే, ఈ గుడ్డ నేను ముట్టుకోవచ్చా?"

"అయ్యో, అదేం మాట అత్తయ్యా!"

"ఏమో. అడిగి ముట్టుకోవడం మంచిది కదా."

ఇంకోటి చూశాను. గోడ క్యాలెండరు వెనకవైపు సన్నటి పెన్సిలు రాత. "ఏడు గంటలకు లేచాను. మొహం కడిగాను. కిటికీ తీశాను. కిటికీ వేశాను." రోజు రోజూ, గంట గంటా. తన మతిని తనే పరీక్షించుకుంటున్నారు ఆవిడ. అది చదివి కూడా నేను నోరు విప్పలేదు. క్యాలెండరు ఎలా ఉన్నది అలా తగిలించి బియ్యం కడగడానికి వెళ్ళాను.

ఇరవయ్యో తారీఖున మీ ఉత్తరం వచ్చింది. "అమ్మ పరిస్థితి అలా ఉంటే అక్క చెప్పినట్టు వృద్ధుల ఆశ్రమంలో చేర్చడమే మంచిది" అని రాశారు. అది ఆవిడే చదువుకున్నారు. మడిచి, కవర్లో పెట్టి, "వాడు కూడా అన్నాడంటే అంతేలే" అన్నారు. ఇరవై ఐదున వదిన ఆశ్రమం వాళ్ళ దరఖాస్తు తెచ్చి ఇచ్చి, సాయంత్రం బండికి వెళ్ళిపోయింది. కొత్త సంవత్సరం ఎనిమిదో తారీఖున చేరాలట. అత్తయ్య కళ్ళజోడు పెట్టుకుని బల్ల దగ్గర కూర్చుని నింపసాగారు. పేరు రాశారు, వయసు రాశారు. "స్వయంగా చేసుకోగల పనులు" అన్న చోట ఆగిపోయారు.

"సుమియే, ఇలా రా. నేను గుడ్డ పిండగలనా?"

వెళ్ళి పక్కన నిలబడ్డాను.

"నిన్నే. రోజూ చూసేదానివి నువ్వు. గుడ్డ పిండగలను అని రాయనా, వద్దా? తర్వాత అబద్ధం రాశానంటారేమో. ఇప్పుడు నా మాట మీద నాకే నమ్మకం లేదమ్మా, నువ్వు చెప్పు, అదే రాస్తాను."

అక్కడే చాప మీద కూలబడి చెప్పేశాను. ఆవిడకు చెప్పిందే ఇప్పుడు మీకూ చెబుతున్నాను. మీ మూడో ప్రశ్నకు జవాబు అదే.

ఆ మందు తెచ్చింది నేను.

అక్టోబరులో ఎదురింటావిడ తన స్నానాల గది చూపించింది. గోడ పలకలు పాలలా ఉన్నాయి. మందు చల్లి, కాసేపాగి నీళ్ళు పోసేస్తే సరిపోతుందట. మన గోడ సందుల్లోని నల్ల బూజుతో అత్తయ్యా నేనూ మూడు రోజులు మోకాళ్ళ మీద కూర్చుని కుస్తీ పట్టాలి. కొన్నాను. ఆవిడ కంట పడకూడదని ఏం చేశానో చూడండి. ఖాళీ అయిన వెనిగర్ నీళ్ళ సీసా, నొక్కితే తుంపరగా చల్లేది, ఒకటుంటే దాంట్లో పోశాను. మందు డబ్బా స్టేషను దగ్గర చెత్తకుండీలో పారేశాను. ఆ సీసా మీద "వెనిగర్ నీళ్ళు" అని అత్తయ్య చేతిరాత అలాగే ఉంది. తోముడు బ్రష్షుల వెనక దాచిపెట్టి, ఆవిడ ఊళ్ళోకి వెళ్ళినప్పుడు కొంచెం కొంచెం వాడుతూ వచ్చాను. గోడ తెల్లబడుతుంటే "చూశావా, వెనిగర్ మహిమ!" అని ఆవిడ మురిసిపోయారు. నేను మూతి బిగించుకుని నవ్వుకున్నాను.

పదిహేడున నేను పెరట్లో క్యాబేజీ ఊరబెడుతున్నాను. గాలి చల్లగా ఉందని అత్తయ్య తలుపూ కిటికీ వేసుకుని కుళాయిలకీ గోడకీ వెనిగర్ గుడ్డలు చుట్టారు. తన సీసా అయిపోయింది. వెనక ఇంకోటి కనబడింది. తన రాతే. అదే తీసి చల్లారు. ఏ తప్పూ లేదు ఆవిడది. దగ్గు విని పరుగెత్తి నేనే బయటికి లాగాను, అంతవరకు నేను రాసింది నిజమే. "ఏం కలిపారు?" అని డాక్టరుగారు అడిగితే మాత్రం, "బూజు మందు, వెనిగరు. అత్తయ్య పొరపాటున కలిపినట్టున్నారండీ" అన్నాను. ఆ సాయంత్రం ఇంటికొచ్చి సీసాను ఏడుసార్లు కడిగాను.

మర్నాడు చెబుదామనుకున్నాను. ఈలోపల వదిన "అమ్మకి మతి పోతోంది" అనేసింది. నన్నెవరూ ఏమీ అడగలేదు. ఇంకో మాట కూడా రాస్తాను, దాచి ఏం లాభం? ఆవిడ ఆశ్రమానికి వెళ్ళిపోతే ఈ ఇంట్లో నాకు నచ్చినట్టు ఉండొచ్చని ఒకరోజు అనుకున్నాను. ఒక్కరోజే. అయినా అనుకున్నాను.

అత్తయ్య కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. తర్వాత, "నా చేతిరాత ఉన్న సీసాలో పోశావా?" అని అడిగారు.

"పోశాను."

"ముప్ఫై ఎనిమిది రోజులు. ముప్ఫై ఎనిమిది రోజులుగా నన్ను చూసి నేనే భయపడుతున్నానే! అగ్గిపుల్ల ముట్టుకోవడానికి భయం. నిద్రపోతే లేచేసరికి నువ్వెవరో మర్చిపోతానేమోనని భయం. పక్కనే కూర్చుని చూశావు కదే!"

కొట్టినా బాగుండేది. లేచి వంటింట్లోకి వెళ్ళి ఎర్ర కాగితాలు ఒక్కటీ మిగలకుండా పీకేశారు. పొయ్యి వెలిగించి ముల్లంగి పులుసు పెట్టుకుని ఒక్కరే తిన్నారు. నాకు పెట్టలేదు. నేను అడగలేదు.

నిన్న పొద్దున్న ఆశ్రమానికి ఆవిడే ఫోను చేశారు. "నేను రావడం లేదండీ. నా బుర్ర బాగానే ఉంది. పోయింది మా కోడలి బుద్ధి" అని చెప్పి ఫోను నా చేతిలో పెట్టారు. "హరుయోకి నువ్వే చెప్పు." చెప్పాను. వదిన నన్ను అనని మాట లేదు. అన్నీ అయ్యాక ఆవిడ కూడా ఏడ్చింది, ఆ కాగితాలు అంటించినందుకు.

"మీ అబ్బాయికి మీరు రాస్తారా, అత్తయ్యా?" అన్నాను.

"నేను రాస్తే నమ్ముతాడా? మతి లేనిదాన్ని కదా వాడి లెక్కలో. నువ్వే రాయి. ఒక్క ముక్క తగ్గించకు."

అందుకే ఇంత పొడుగు ఉత్తరం. నన్ను మీరేమన్నా పడతాను, ఎన్ని రోజులు మాట్లాడకపోయినా పడతాను. ఆవిడకు మాత్రం విడిగా ఒక ఉత్తరం రాయండి. నా అబద్ధం నమ్మి మీరు రాసిన ఆ ఒక్క వాక్యం ఆవిడ మనసులో అలాగే ఉంది.

ఇది వసారాలో, స్నానాల గది తలుపు దగ్గర కూర్చుని మోకాలి మీద పెట్టుకుని రాస్తున్నాను. నవంబరు నుంచి ఆ గోడలు ఎవరూ తోమలేదు. ఇవాళ భోజనాలయ్యాక అత్తయ్య తలకు గుడ్డ బిగించి బకెట్టు పట్టుకుని లోపలికి వెళ్ళారు. నేనూ వస్తానంటే, "నువ్వు రావద్దు" అని గడియ పెట్టుకున్నారు. బ్రష్షు చప్పుడు వింటూ కూర్చున్నాను. అది ఆగితే నా ప్రాణం గిలగిల్లాడుతోంది.

"అత్తయ్యా?"

"ఏంటి?"

"కిటికీ తీసే ఉందా?"

"తీసే ఉంది. మంచు లోపలికి కొడుతోంది. పోతే చలికి పోతాను, నీ మందుకి కాదు."

మళ్ళీ మొదలైంది. ఇందాక మళ్ళీ ఆగింది. ఈసారి చాలాసేపు. పిలిచాను, పలకలేదు. కాగితాలు పక్కన పడేసి తలుపు మీద రెండు చేతులా కొట్టాను.

"అత్తయ్యా! పలకండీ!"

"ఎందుకే ఆ గోల? వెనిగర్ సీసా మూత తీసి వాసన చూస్తున్నాను. పొద్దున్న నా చేత్తో నేనే నింపుకున్నదే. అయినా చూడకుండా చల్లలేకపోతున్నాను."

తలుపు పక్కనే మళ్ళీ కూర్చున్నాను. కాసేపటికి బ్రష్షు చప్పుడు మొదలైంది.

ఇట్లు,
మీ భార్య,
సుమియే